మంగళవారం, బండలు కడిగిన రోజు

ఉగాది దగ్గరికొచ్చింది. ఈరోజు తిరుమల కొండ మీద గుడిలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి... ఏడాదిలో ఈ నాలుగింటికీ ముందొచ్చే మంగళవారం గుడంతా కడుగుతారు. మూలమూర్తిని వస్త్రంతో కప్పి గోడలు, పైకప్పు, పూజసామగ్రి నీళ్ళతో శుద్ధి చేస్తారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధంపొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళాన్ని అంతటా చల్లుతారు. అమ్మ కూడా ఇంటి పెద్ద శుభ్రం ఈ మంగళవారానికే పెట్టుకుంటుంది. ఆఫీసుకు సెలవు పెట్టి నేనూ చీర చెంగు దోపాను.

మా ఇల్లు ఒక్కసారిగా కట్టింది కాదు. నాయన చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక గది లేచింది. అందుకే ఏ గది నేల ఆ గదిదే. వరండాలో కడప బండలు, నడిమింట్లో విట్రిఫైడ్ టైల్స్, పూజగదిలో తెల్ల పాలరాయి, మేడమెట్లకు కుప్పం గ్రానైట్.

కసువు చిమ్మడం అయ్యాక వరండాతో మొదలుపెట్టాం. మాది బోరునీళ్ళు, ఉప్పు ఎక్కువ. నల్లబండ మీద నీళ్ళు ఆరితే చాలు, తెల్లగా చారలు కడతాయి. పనికొచ్చే అమ్మాయి ఆ చారలు చూసి "యాసిడ్ పోస్తే ఒక్క దెబ్బకు పోతాయి కదక్కా" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది, "వద్దు మే, చారతో పాటు బండ కూడా పోతుంది" అని.

అమ్మ అన్నది అక్షరాలా నిజం. కడప బండ సున్నపురాయి. బోరునీళ్ళు వదిలే తెల్లచారలో ఎక్కువగా ఉండేదీ సున్నమే. ఒకదాన్ని కరిగించేది రెండోదాన్నీ కరిగిస్తుంది. యాసిడే కాదు, నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. పోయినేడు మేడ మీద టైల్స్ వేసిన మేస్త్రీ సిమెంటు మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగేశాడు. ఆ నీళ్ళు కిందికి కారి వరండా అంచున పడ్డాయి. అక్కడ అరచేయంత మేర బండ బూడిదరంగుకు తిరిగింది. చేత్తో రాస్తే గరగరలాడుతుంది. నీళ్ళు చల్లితే పక్క బండలో కలిసిపోయి నల్లగానే కనిపిస్తుంది. ఫ్యాన్ గాలికి ఆరేకొద్దీ అంచుల నుంచి మళ్ళీ బూడిదరంగు బయటపడుతుంది. అది మురికి కాదు, రాయి పైపొర తినేసిన చోటు. ఎంత రుద్దినా పోదు. మిషన్‌తో అరగదీసి పాలిష్ పెట్టాల్సిందే. దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. రాయి సంగతి తెలియకుండా రాయి మీద పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

మరి చారలకేం చేయాలి? చేయడం కాదు, రానీయకూడదు. బోరునీళ్ళతో కడిగినా, చివరి తుడుపు మాత్రం బకెట్‌లో పట్టిపెట్టిన మున్సిపాలిటీ నీళ్ళతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ లాగేయాలి. నీళ్ళు ఆరేదాకా వదలకపోతే ఉప్పుకు కూర్చునే చోటుండదు. కొందరు బండ నల్లగా మెరవాలని కొబ్బరినూనె పూస్తారు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పైగా ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, కాలు జారితే ఎవరిది పూచీ?

పూజగది పాలరాయికీ ఇదే నియమం, ఇంకా గట్టిగా. అదీ సున్నపు జాతే. శుక్రవారానికి ముందు ఇత్తడి కుందులు చింతపండుతో తోముతాం కదా, ఆ పులుసు ఒక్క చుక్క పడి నిలిచినా పాలరాయి మెరుపు పోతుంది. అందుకే తోమడమంతా పెరట్లోనే. దీపం నూనె ఇంకిన మరకకు మాత్రం తినేసోడాను నీళ్ళతో ముద్దగా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి వదిలేశాను. పొద్దుటికి ఆ ముద్ద నూనెను పైకి లాగుతుంది. పాత మరకైతే ఇంకో రెండుమూడుసార్లు పట్టించాలి, ఓపిక కావాలి.

నడిమింట్లో టైల్స్‌తో పెద్ద పేచీ లేదు. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీళ్ళు కూడా పీల్చదు, మరక పైపైనే ఉంటుంది. మురికంతా సందుల్లోనే. అక్కడున్నది సిమెంటు కాబట్టి పీల్చుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో సందు సందునా రుద్దుతుంటే నడుము పట్టేసింది. ఫ్లోర్ క్లీనర్ ఎంత ఎక్కువ పోస్తే అంత శుభ్రమనుకుంటారు గానీ, ఎక్కువైతే పొర మిగిలి అరికాలు జిగటగా అంటుకుంటుంది. బకెట్‌కు ఒక మూత చాలు, గుడ్డ బాగా పిండాలి. బాత్రూం దగ్గర ఆ అమ్మాయికి ఒక్క మాట గట్టిగా చెప్పాను: బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోయొద్దని. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరి మీదికే వస్తుంది.

మధ్యాహ్నం అన్నం తిని అందరం టైల్స్ మీదే నడుం వాల్చాం. పాకాల దగ్గర మా అవ్వ వాళ్ళింటి ఎర్రగచ్చు గుర్తొచ్చింది. సిమెంటులో ఎర్రరంగు పొడి కలిపి, తాపీతో మళ్ళీ మళ్ళీ రుద్ది నునుపు తేల్చిన నేల. అవ్వ దానికి ఏ మందూ వాడలేదు. ముందు మెత్తటి పొరకతో ఇసుక రేణువు లేకుండా చిమ్మేది, తర్వాత గట్టిగా పిండిన గుడ్డ, అంతే. ఇసుక మీద తడిగుడ్డ లాగితే నేలంతా గీతలేనని తిట్టేది. నేల ఏదైనా ముందు చిమ్మి తర్వాతే తుడవాలనేది నాకు ఆమె దగ్గర అబ్బిన అలవాటే. అద్దంలా మెరిసేది ఆ గచ్చు. పగులు పడితే మాత్రం అతుకు రంగు కలవదు, అదొక్కటే దాని లోటు.

సాయంత్రం పాలిష్ అతనికి ఫోన్ చేశాను. వరండా అంచు ఒక్కటే చేస్తే పక్క బండలతో మెరుపు కలవదట, మొత్తం చేయాలన్నాడు. పండగ అయ్యాక రమ్మన్నాను. మేడమెట్లు మిగిలిపోయాయి. గ్రానైట్ సున్నపురాయి కాదు, సబ్బునీళ్ళు, పొడిగుడ్డ చాలు. రేపు ఆఫీసుకు వెళ్ళేలోపే అయిపోతాయి.