సైడు కాలువ కోసం సమాచార హక్కు దరఖాస్తు: నా అనుభవం

మా అమ్మ ఉండే వీధిలో సైడు కాలువ పూర్తయిందని బోర్డు పెట్టారు. కాలువ మాత్రం చివరి ఏడు ఇళ్ల దాకా రాలేదు. గట్టి వాన పడిందంటే పైనుంచి వచ్చే మురుగంతా అమ్మ వాకిట్లోకే. ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. అడిగిన ప్రతిసారీ ‘చూస్తాంలే’ అన్నారు.

చివరికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ‘కాలువ మా ఇళ్ల దాకా ఎందుకు కట్టలేదు? బాధ్యులెవరు?’ అని రాశాను. ఇరవై రోజుల తర్వాత జవాబొచ్చింది: మీరు అడిగింది ‘సమాచారం’ కిందికి రాదు. ఆ రోజు ఏడుపొచ్చింది.

టౌన్లో ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాంటి దరఖాస్తులు రాసిపెడతారని తెలిసి వెళ్లాను. నా కాగితం చూసి, "ఎందుకు అని అడక్కమ్మా. దానికి కారణం వాళ్లు ఎక్కడైనా రాసిపెట్టుకుని ఉంటేనే ఇస్తారు. నువ్వు కాగితాలు అడుగు" అన్నారు. ఆయన చెప్పినట్టే అంచనా, వర్క్ ఆర్డరు, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసుకునే పుస్తకం) పేజీలు, బిల్లు చెల్లించిన కాగితాల నకళ్లు అడిగాను. సెక్షన్ 2(జె) కింద పనినీ రికార్డులనీ స్వయంగా చూస్తానని కూడా రాశాను. ఈ ఒక్క వాక్యమే తర్వాత నన్ను గట్టెక్కించింది.

ముప్పై రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. వెళ్లి అడిగితే, "ఆఫీసు ఫైళ్లు ఊళ్లోవాళ్లకి చూపించేవి కావమ్మా" అన్నారు. ఆ మాట మాస్టారితో చెబితే ఆయనకి కోపం వచ్చింది. ఫైలంటే జనానికి కనపడకూడనిది అన్న అలవాటు తెల్లదొరల నాటిదని, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అలాగే ఉందని, అయితే దానికీ సమాచార హక్కుకీ పొసగని చోట 2005 చట్టమే చెల్లుతుందని సెక్షన్ 22 చూపించారు. ఈ హక్కు ఊరికే రాలేదని చెబుతూ రాజస్థాన్ సంగతి ఎత్తారు. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994 నుంచి ఊళ్లలో సభలు పెట్టి, పనుల బిల్లులు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పైకి చదివి వినిపించేవారట. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నాకి కూర్చున్నారు. కూలి చేసుకునేవాళ్లు అడిగిన ఆ లెక్కలకి ప్రభాష్ జోషి లాంటి సంపాదకులు తోడు నిలిచారు. అది విన్నాక నా కాలువ చిన్న విషయమని ఇంకెప్పుడూ అనిపించలేదు.

జవాబివ్వని అధికారికి పై అధికారి దగ్గర మొదటి అప్పీలు వేశాను. విచారణ రోజు పొద్దున టెన్షన్‌తో అన్నం సహించలేదు. అప్పీలు అధికారి పది నిమిషాల్లో తేల్చేశారు: రికార్డు చూపించండి, గడువు దాటింది కాబట్టి నకళ్లు ఉచితంగా ఇవ్వండి.

అట్ట నలిగిన ఎం బుక్ నా ముందు పెట్టారు. పొడవు గళ్లో 142 మీటర్లు అని ఉంది. ఆదివారం తాపీ మేస్త్రి దగ్గర ముప్పై మీటర్ల టేపు తెచ్చాం. ఒక కొస పక్కింటి పిన్ని పట్టుకుంది, రెండో కొస నేను. మూడు టేపులు, పైన ఆరు మీటర్లు. మొత్తం 96. పిన్ని నమ్మలేక ఇంకోసారి కొలవమంది. మళ్లీ అంతే.

మా మండల విలేకరి మొదట్లో, "ఆధారం లేకుండా రాస్తే డెస్కులో వేయరక్కా" అన్నాడు. నకళ్లు చూపించగానే వచ్చి, టేపు పరిచి ఫొటో తీసి, జిల్లా పేజీలో వార్త రాశాడు. మండల విలేకరికి వచ్చేది అంతంతమాత్రం, పైగా ప్రకటనలు కూడా తనే తేవాలి. ఆ ప్రకటనలిచ్చే వాళ్ల మీదే వార్త రాయాలంటే గుండె ధైర్యం కావాలి. అతనికి ఫోన్లు వచ్చాయని తర్వాత తెలిసింది. నా దరఖాస్తు ఒక్కటే అయితే ఫైల్లో ఇంకో కాగితమై ఉండేది. వార్త వచ్చిన మర్నాడే ఇంజనీరు వచ్చి కొలిచారు. నెలన్నరలో మిగతా కాలువ పూర్తయింది. మొన్నటి వానకి అమ్మ వాకిలి తడిసింది గానీ మునగలేదు.

కట్టని 46 మీటర్లకి ముందే తీసుకున్న డబ్బు ఎవరికి వెళ్లింది, తిరిగి కట్టించుకున్నారా అని ఆ కాగితాలు కూడా అడిగాను. సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం అని రాశారు. వ్యక్తిగత డేటా రక్షణ కోసమని 2023లో తెచ్చిన చట్టంతో ఈ సెక్షన్‌నే ఇంకా బిగించారు. ప్రజల డబ్బు లెక్కకి ఇదే అడ్డుగోడ అవుతుందేమోనని మాస్టారి భయం, నాదీ అదే. అయినా ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చని చెప్పే 8(2) అలాగే ఉంది. దాన్ని పట్టుకునే మళ్లీ మొదటి అప్పీలు రాసి, టేపు ఫొటో జతచేసి, సోమవారం రిజిస్టర్ పోస్టులో పంపాను.