పల్లీ పట్టీల పైసలు సూడాన్‌కు పంపిన నా అనుభవం

దేవరకద్ర సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం బోధిస్తాను. 2025 జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఆఫ్రికా పటం చూపిస్తూ సూడాన్ దగ్గర ఆగాను. అక్కడివారికీ ప్రధానాహారం జొన్నే అనీ, ఆ ఖండంలో పల్లీ ఎక్కువగా పండించే దేశాల్లో అదొకటనీ, అయినా ఉత్తర డార్ఫుర్‌లోని జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో కరువు నెలకొన్నట్టు 2024 ఆగస్టులో అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ధారించిందనీ చెప్పాను. వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, "జొన్నలు పండుతయి, పల్లీలు పండుతయి అంటున్నరు గద సార్, మరి ఆకలెందుకైతది?" అని అడిగాడు.

2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన యుద్ధం గురించి చెప్పాను. విత్తే అదనుకు రైతు ఊళ్లో ఉండలేకపోతే, పండిన కాస్త గింజ అంగడికి చేరే దారి మూతపడితే, నేల ఎంత మంచిదైనా ఏం లాభమని వివరించాను. కరువు అనే మాటను ప్రకటనలో వాడాలంటే కొలతలున్నాయి: ప్రతి ఐదు కుటుంబాల్లో ఒకటి తిండికి పూర్తిగా కటకటలాడాలి, పిల్లల్లో 30 శాతం తీవ్ర పోషకాహార లోపంతో ఉండాలి, పదివేల జనాభాకు రోజుకు ఇద్దరు చొప్పున చనిపోతుండాలి. జమ్‌జమ్‌లో సుమారు ఐదు లక్షల మంది ఉంటున్నారని చెప్పగానే ఒక అమ్మాయి నోటు పుస్తకం వెనుక పేజీలో లెక్క కట్టి, "రోజుకు వందమంది సార్" అని మెల్లగా అన్నది. డబ్బు పోగుచేసి పంపుదామన్న మాట ఆ రోజే పుట్టింది.

ప్రధానోపాధ్యాయులు మూడు షరతులతో ఒప్పుకొన్నారు. బడి వేళల్లో ఈ పని చేయకూడదు, పిల్లలు ఉపాధ్యాయుడు తోడు లేకుండా ఎవరినీ చందా అడగకూడదు, డిబ్బీకి సీలు వేసి ఐదుగురి ఎదుటే విప్పాలి. తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం కొంత ఇబ్బందైంది. ఇరవై ఏళ్లు పుణెలో మట్టిపని చేసి వచ్చిన ఒక తండ్రి, "మన పైసలు ఆడిదాంక పోతయని ఏం నమ్మకం సారూ?" అని నిలదీశాడు. మన దగ్గర ఆకలి లేదా అని అడిగి ఉంటే, చిన్నప్పుడు బడిలో నేను తిన్న 'కేర్' సంస్థవారి గోధుమరవ్వ ఉప్మా గురించీ, అది సముద్రాలు దాటి వచ్చిన సంగతి గురించీ చెప్పేవాణ్ణి. ఆయన అడిగింది అది కాదు, లెక్క అడిగాడు. ఆ సాయంత్రమే ఒక పొడుగు రిజిస్టరు కొని, మొదటి పేజీలో ఆ ప్రశ్ననే రాయించాను.

పల్లీ పట్టీలు చేసి అమ్మాలన్నది పిల్లల ఆలోచన. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పసివాళ్లకు ఇచ్చే మందులాంటి తిండి కూడా పల్లీ ముద్దే అని తెలిశాక వాళ్లకు పట్టుదల పెరిగింది. పల్లీ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి తయారుచేస్తారు. ప్యాకెట్టు 92 గ్రాములు, 500 కిలో క్యాలరీలు. వండక్కరలేదు, నీళ్లు కలపక్కరలేదు. "మన పట్టీలే పార్సిల్ చేద్దాం సార్" అని ఇద్దరు ముగ్గురు గట్టిగా వాదించారు. పార్సిల్ ఖర్చుతో అంతకు ఎన్నో రెట్ల పల్లీలు వస్తాయనీ, పైగా ఒళ్లు ఎండిపోయిన పసిబిడ్డకు గట్టి పట్టీ పెట్టకూడదనీ నచ్చజెప్పడానికి ఒక పీరియడ్ పట్టింది.

పది కిలోల పల్లీలు, ఏడు కిలోల బెల్లం కొన్నాం. పాకం సంగతి మధ్యాహ్న భోజనం వండే అక్క చూసుకున్నది. గిన్నెలో నీళ్లు పోసి, అందులో పాకం చుక్క వేసి, గట్టిపడ్డ ముక్కను గిన్నె అంచుకు కొట్టి, టంగుమన్న తర్వాతే వేయించి పొట్టు తీసిన పల్లీలు పోయనిచ్చింది. మొదటి వాయి తొందరపడి దించాం. పళ్లకు అంటుకుపోయే ఆ పట్టీలను మేమే తినేశాం. మన్యంకొండ జాతర రోజుల్లో రెండు సాయంత్రాలు అమ్మగా 392 పట్టీలకు, ఒక్కోటి పది రూపాయల చొప్పున 3,920 రూపాయలు వచ్చాయి. డిబ్బీలో 7,315 రూపాయలు పడ్డాయి.

ఖర్చు 1,940 రూపాయలను ఎందులోంచి తీయాలన్న దానిపై పెద్ద చర్చ నడిచింది. డిబ్బీలో వేసినవాళ్లు బెల్లం కోసం వేయలేదు కాబట్టి ఆ డబ్బు ముట్టకూడదనీ, పెట్టుబడిని పట్టీల రాబడిలోంచే తీయాలనీ పిల్లలు తీర్మానించారు. నాకంటే వాళ్లే శుభ్రంగా ఆలోచించారు. మిగిలింది 9,295 రూపాయలు.

చిల్లర జమ చేయబోతే ఒక బ్యాంకు శాఖలో కౌంటరు దగ్గరి ఉద్యోగి నాణేలు తీసుకోనన్నాడు. నాణేలను తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నా, వాదించే ఓపిక లేక, కిరాణా దుకాణాల్లో ఇచ్చి నోట్లు తెచ్చుకున్నాం.

పోగుచేయడం కంటే పంపడమే కష్టమైంది. విదేశాలకు డబ్బు పంపే వెసులుబాటు, అంటే ఎల్‌ఆర్‌ఎస్, వ్యక్తులకే గాని పాఠశాల ఖాతాకు లేదు. (ఎల్‌ఆర్‌ఎస్ అనగానే మా స్టాఫ్‌రూములో అందరూ అదే పొట్టి పేరున్న ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం గురించి మాట్లాడసాగారు.) ఆ పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు, అందులో విరాళాలూ వస్తాయి. అయితే బ్యాంకు ద్వారా పంపితే ఏ2 ఫారం నింపాలి, చిన్న మొత్తానికి రుసుములే భారమవుతాయి. అందుకని ప్రధానోపాధ్యాయుల అనుమతి రిజిస్టరులో రాయించుకొని, ప్రపంచ ఆహార కార్యక్రమానికి నా డెబిట్ కార్డుతో కట్టాలని నిర్ణయించుకున్నాను. రోమ్ కేంద్రంగా పనిచేసే ఆ ఐక్యరాజ్యసమితి సంస్థకు 2020లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

మొదటిసారి కార్డు పనిచేయలేదు. అంతర్జాతీయ చెల్లింపులను ఖాతాదారే స్వయంగా ప్రారంభించుకోవాలన్న విషయం నాకప్పుడే తెలిసింది. యాప్‌లో ఆ మీట నొక్కి, పిల్లలందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా 106 డాలర్లు కట్టాను. డాలరు 87 రూపాయల చొప్పున 9,222 రూపాయలైంది. మారకం రుసుము, దాని మీద జీఎస్‌టీ నా జేబులోంచే పెట్టుకున్నాను. అదీ రిజిస్టరులో విడిగా రాయాల్సిందేనని క్లాస్ లీడర్ పట్టుబట్టాడు.

రశీదు ప్రతిని నోటీసు బోర్డుకు అంటించాం. పుణె నుంచి వచ్చిన ఆ తండ్రి మరుసటి వారం బడికి వచ్చి, రశీదును ఫోనులో ఫొటో తీసుకొని, రిజిస్టరు అడిగి తీసుకొని ఒక్కొక్క పద్దు మీద వేలు పెడుతూ చివరిదాకా చదివించుకున్నాడు. ఆఖరి వరుస దగ్గర ఆగి, "ఈ 73 రూపాయలు ఏడున్నయి?" అని అడిగాడు. బీరువా తాళం తీసి, కవరులోంచి తెచ్చి చూపించాను. లెక్కపెట్టి తిరిగి ఇచ్చి, పేజీ కింద సంతకం చేశాడు.