నా డ్రాగ్ పేజీని వెనక్కి తెచ్చుకున్నాను

నిన్న సాయంత్రం నా పేజీ తిరిగొచ్చింది. కోపం మాత్రం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో డ్రాగ్ ఆర్టిస్టుని, అంటే ఆడవేషం కట్టి ప్రదర్శనలు ఇస్తాను. పట్టుచీర, పొడుగు జడ, నిండా నగలతో చేసిన నా డాన్స్ రీల్ ఒకటి బాగా తిరిగింది. ఓ ట్రోల్ పేజీ దాన్ని ఎత్తుకెళ్లి బూతులు రాసి పెట్టింది. వాళ్ల మంద అంతా నా మీద రిపోర్టులు కొట్టింది. తెల్లారేసరికి నా అకౌంట్ లేదు. బూతులు రాసిన పేజీ నిక్షేపంగా ఉంది.

అప్పీల్ ఫారం నింపడం తేలికే. ఆ తర్వాత వీడియో సెల్ఫీ అడిగారు. మేకప్ లేకుండా పంపితే పేజీలో ఉన్న మనిషితో పోలిక లేదన్నారు. సరే అని కనుబొమలకు జిగురు పట్టించి, ఫౌండేషన్, కాటుక, విగ్, నగలు అన్నీ పెట్టుకుని పంపితే ఆధార్‌లో ఉన్నది నేను కాదన్నారు. చివరికి వేరొకరి ఫోటోలు వాడుకుంటున్నానని తేల్చారు! ఏళ్ల తరబడి నా చేత్తో నేను దిద్దుకున్న ముఖాన్ని దొంగిలించానట. పక్కనే కూర్చున్న అక్క ఆ మెయిల్ చదివి, "నీ మొహం నీది కాదంటున్నార్రా వీళ్లు" అని ఏడ్చేసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆధార్ పక్కన పెట్టుకుని, ఉత్త ముఖం నుంచి విగ్ పెట్టుకునేదాకా ఎక్కడా కట్ చేయకుండా వీడియో తీసి పంపాను. ఇంతకంటే రుజువు ఎవరూ ఇవ్వలేరు.

నాటకాల్లో స్త్రీవేషాలు వేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో, కూచిపూడిలో వేసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చిన దేశం ఇది. డ్రాగ్, కూచిపూడి ఒకటే అని నేననను. కానీ వాళ్ల సత్యభామను తలుచుకుని మురిసిపోయేవాళ్లే నా రీల్ కింద బూతులు రాస్తే ఎలా ఊరుకోను?

మీకూ ఇలా జరిగితే యాప్ లోపలి అప్పీల్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. మన ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద యాప్‌లన్నీ ఇక్కడ గ్రీవెన్స్ ఆఫీసర్‌ని, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలి. ఆయనకు మెయిల్ పెట్టండి, ప్రతి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చు. కేంద్రం 2023 జనవరిలో ఇలాంటివి మూడు వేసింది, అంతా ఆన్‌లైన్‌లోనే. ఆ కమిటీ పేరు రాశాకే అవతలివాళ్లలో కదలిక వచ్చింది.

పేజీ ఇచ్చారుగానీ ఆ రీల్ ఇవ్వలేదు. దాని కోసం ఈ పొద్దున్నే కమిటీకి అప్పీల్ పెట్టాను.