ఇసుర్రాయి అడిగినంతే

జూలై నెలాఖరులో పిల్లల్ని తీసుకుని పరకాల దగ్గరి మా ఊరు వెళ్లాను. ఇంగ్లండ్‌లో మేముండే బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన రెండో రోజే మా పాప పశువుల కొట్టంలో ఓ మూలకు నెట్టేసిన ఇసుర్రాయిని చూసింది. "అమ్మమ్మా, ఇది ఇంకా తిరుగుతుందా?" అని అడిగింది. పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్న రాయి అది. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా నేనెప్పుడూ అడగలేదు.

పాపకు ఆ అలవాటు ఎలా అబ్బిందో నాకు తెలుసు. మూడేళ్ల కిందటి చలికాలంలో మేమంతా దుప్పట్లు కప్పుకుని 'విక్టోరియన్ ఫామ్' అనే బీబీసీ కార్యక్రమం చూశాం. 2009 నాటిది. చరిత్రకారిణి రూత్ గుడ్‌మన్, మరో ఇద్దరు పురావస్తు పరిశోధకులు ష్రాప్‌షైర్‌లోని ఆక్టన్ స్కాట్‌లో ఏడాది పాటు విక్టోరియా రాణి కాలపు రైతుల్లా బతికి చూపిస్తారు. గుర్రాలతో దున్నుతారు, బొగ్గు పొయ్యి మీద వండుకుంటారు. ఒక్క బట్టలు ఉతకడానికే రోజులు పడుతుంది. నానబెట్టాలి, ఉడకబెట్టాలి, కర్రతో కుదిపి కుదిపి పిండాలి. బడిలో నేను చదివిన చరిత్రలో రాజులు, యుద్ధాలు, పన్నులు ఉండేవి. ఉతుకుడు ఎక్కడా లేదు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆరుబయటి మ్యూజియాలకు వెళ్లడం మొదలుపెట్టాం. మాకు దగ్గరలోనే డడ్లీలో బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియం ఉంది. ఎక్కడెక్కడివో పాత ఇళ్లు, దుకాణాలు విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. ఆ కాలపు దుస్తుల్లో ఉన్నవాళ్లు పని చేస్తూనే మనతో మాట్లాడతారు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని వంచి, సుత్తితో కొట్టి గొలుసు లంకె చేస్తుంటే మా బాబు కదిలితే ఒట్టు. ఆ ప్రాంతంలోనే ఉన్న క్రాడ్లీ హీత్ అనే ఊళ్లో గొలుసులు చేసే ఆడవాళ్లు 1910లో కూలి కోసం పది వారాలు సమ్మె చేసి గెలిచారు. సమ్మె నిధిలో మిగిలిన డబ్బుతో కట్టుకున్న భవనం కూడా ఇప్పుడు ఆ మ్యూజియంలోనే ఉంది. ఇంటి వెనక కొలిమి దగ్గర చంటిబిడ్డను పక్కన పెట్టుకుని సుత్తి పట్టిన తల్లుల గురించి విన్నాక, మా పిల్లలు ఏ పాత వస్తువును చూసినా ముందు అడిగేది ఒకటే: దీంతో ఎవరు పని చేసేవారు?

ఆ ప్రశ్నతోనే వరంగల్ కోటకు కూడా వచ్చారు. కీర్తి తోరణాల మధ్య ఆరుబయట వరుసగా పేర్చిన శిల్పాలు చూశారు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి పూర్తి చేయించిందని చెప్పాను. శ్రద్ధగా విన్నారు. కాసేపటికి బాబు, "అమ్మా, ఇక్కడ చేసి చూపించేవాళ్లు లేరా?" అన్నాడు. తిరిగి వచ్చే దారిలో మట్టికోట లోపలి పొలంలో ఆడవాళ్లు వరినాట్లు వేస్తున్నారు. కారు ఆపించి గట్టు మీద నిలబడ్డాం. ఒకావిడ మా పాపకు నారుకట్ట అందించి, బొటనవేలితో వేరును బురదలోకి ఎలా దించాలో చూపించింది. కోటలో గడిపిన పూటంతా ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు.

ఇక ఇసుర్రాయి సంగతి. అమ్మ దాన్ని కడిగించి ఎండబెట్టింది. పిడి ఊడిపోయి ఉంటే బాపు కొత్త కర్ర చెక్కి బిగించారు. కింద గుడ్డ పరిచి, ఒక కాలు చాపి కూర్చుని అమ్మ జొన్నలు పోసింది. యాభై ఏళ్ల కిందట అత్తగారింట్లో తెల్లవారకముందే లేచి విసిరిన చెయ్యి, మరిచిపోలేదు. పాప కూడా కూర్చుంది. తొందరగా అవుతుందని దోసెడు పోసింది. పిండి రాలాల్సిన చోట నలిగీ నలగని నూకలు రాలాయి.

"పిడికెడు చాలు బిడ్డా. రాయి అడిగినంతే పెట్టాలి."

రాయి ఎలా అడుగుతుందో పాపకు చెవి పెట్టి వినమంది. గింజ సరిపోయినప్పుడు ఒక చప్పుడు, రాయి ఖాళీగా తిరిగితే ఇంకో చప్పుడు. గంటసేపు విసిరితే వచ్చిన పిండితో ఆ రాత్రి రొట్టెలు చేసుకున్నాం. పాప అరచేతిలో బొబ్బ లేచింది.

బాపు దగ్గర వేరే నిధి ఉంది. ఇంగ్లండ్‌లోనే బ్లిస్ట్స్ హిల్ అనే మరో ఆరుబయటి మ్యూజియంలో మన డబ్బు ఇస్తే పాత కాలపు నాణేలు ఇస్తారనీ, అక్కడ 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండనీ బాబు చెబితే, ఆయన లేచి వెళ్లి పెట్టెలోంచి చార్మినార్ ముద్ర ఉన్న హాలి సిక్కా, అంటే నిజాం కాలపు రూపాయి, తెచ్చారు. ఏడు హాలి రూపాయలు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానం, రూపాయికి 16 అణాలు. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు ఆయనకు పదేళ్లు. తాతామనవలు పొద్దుపోయేదాకా లెక్కలు వేస్తూ కూర్చున్నారు.

ఉత్తర ఇంగ్లండ్‌లో బీమిష్ అనే ఆరుబయటి మ్యూజియాన్ని నిలబెట్టిన ఫ్రాంక్ అట్కిన్సన్, జనం ఏది ఇస్తానంటే అది తీసుకుని దాచారు. 1972లో జనం కోసం తలుపులు తెరిచేనాటికే అక్కడ సామాన్లు గుట్టలుగా చేరాయి. మా ఇంట్లో కాడి, నాగలి, గంగాళం ఎప్పుడో పాత సామాన్ల బండికి పోయాయి. ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినందుకు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. అయితే మన చెరువుల కింద, బావుల కింద పొలం తడిపిన పనిముట్లను కూడా అంత భద్రంగా చూసుకోవాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

వెళ్లే ముందు రోజు బాపు వాకిట్లో కర్రతో మోటబావి బొమ్మ గీశారు. ఎడ్లు దిగుడులోకి నడిస్తే మోకు లాగి తోలుసంచి పైకి వస్తుంది, అడుగున ఉన్న తొండం తెరుచుకుని నీళ్లు కాలువలో పడతాయి. ఎడ్లు వెనక్కి ఎక్కుతాయి, సంచి మళ్లీ దిగుతుంది. "తొండం ఎలా కుట్టేవారు తాతా? నీళ్లు కారవా?" అని బాబు అడిగాడు. బాపు కాసేపు ఆలోచించి, "నేను తోలాను గానీ కుట్టలేదు" అన్నారు.

పోయిన ఆదివారం ఆయనే ఫోన్ చేశారు. పక్క ఊళ్లో తొండాలు కుట్టిన పెద్దాయన ఒకరున్నారట. మా తమ్ముడి బండెక్కి వెళ్లి కలిసి వచ్చారట. "కుట్టు ఎలా వేయాలో చేతులతో చూపించాడు, నాకు సగమే అర్థమైంది. బాబుకు ఫోన్ ఇవ్వు" అన్నారు.