ఆఫ్రికాకీ ఒక ఏఎస్ఆర్‌సీ కావాలి

ఉస్మానియా ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ పాతతరం వాళ్లని కదిపితే చాలు, ఏఎస్ఆర్‌సీ కబుర్లు గంటసేపు చెప్తారు. అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్, 1964లో క్యాంపస్‌లోనే పెట్టారు. తర్వాత ఇండో అమెరికన్ సెంటర్ అయింది, ఆ తర్వాత ఓయూ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది. మా మాస్టారికి మాత్రం ఇప్పటికీ ఏఎస్ఆర్‌సీయే.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చేది, చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసే మనిషికి కూడా గ్రాంటిచ్చి, ఉండడానికి గది ఇచ్చి, అంత పెద్ద లైబ్రరీని అందుబాటులో పెట్టడం. మాస్టారు పనిచేసిన కాలేజీలో అమెరికన్ రచయిత ఫాక్నర్ నవల ఒక్కటి దొరికితే గొప్ప. ఇక్కడ నవలలూ, వాటి మీద విమర్శా, జర్నళ్లూ బీరువాల నిండా ఉండేవి, పొద్దున కూర్చుంటే చెయ్యి నొప్పెట్టేదాకా నోట్స్ రాసుకునేవారట. భోజనాల దగ్గర పక్కాయన ఏ పాట్నా నుంచో వచ్చి అమెరికా సుప్రీంకోర్టు మీద పనిచేస్తుండేవాడు, సాంబారు పోసుకుంటూ మొదలైన వాదన రాత్రి దాకా సాగేది. యూనివర్సిటీలు ఒప్పందాలు (ఎంఓయూలు) ఎన్ని రాసుకున్నా ఇలాంటి స్నేహం రాదని నా గట్టి నమ్మకం.

ఇదే కాలంలో మన పుస్తకాలు అటు వెళ్లాయి. 1954 నాటి పీఎల్ 480 చట్టం కింద అమెరికా మనకి గోధుమలు రూపాయల్లో అమ్మింది. ఇక్కడ పోగుపడిన ఆ రూపాయలతో 1962 నుంచి అక్కడి పెద్ద ప్రభుత్వ లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, మన భాషల పుస్తకాలు కొని అమెరికన్ యూనివర్సిటీలకి పంచింది, అందులో తెలుగు కూడా ఉంది. ఇప్పటికీ అక్కడి కేటలాగుల్లో పాత తెలుగు పుస్తకం వెతికితే చాలాసార్లు వివరాల్లో పీఎల్ 480 నంబరు కనిపిస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో తెలుగు పండితులు వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పగలిగారంటే, అక్కడ తెలుగు పుస్తకాలుండడం చిన్న విషయం కాదు.

అమెరికా కోసం ఇంత చేసిన ఊరు ఆఫ్రికా కోసం ఎందుకు చెయ్యకూడదు? మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం, వాళ్ల వారసులు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఓయూలో, పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఏళ్లుగా చదువుతున్నారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి మెట్టపంటల మీద పనిచేస్తోంది. ఆఫ్రికాలోని నైజర్ రైతుకీ మన మహబూబ్‌నగర్ రైతుకీ సజ్జలూ, వానకోసం ఎదురుచూపులూ ఒకటే. విధానాల సంగతికొస్తే, ఫోన్‌లో డబ్బు పంపడం కెన్యా వాళ్లకి ఎం-పెసాతో 2007లోనే వచ్చేసింది, మన యూపీఐ 2016లో వచ్చింది. ఆ తొమ్మిదేళ్ల అనుభవం మనవాళ్లు దగ్గరుండి చదవాల్సింది. మన పొదుపు సంఘాల గురించి వాళ్లకి చెప్పాల్సిందీ బోలెడుంది.

ముంబై, ఢిల్లీ యూనివర్సిటీల్లో ఆఫ్రికా అధ్యయనాలు ఎప్పటినుంచో ఉన్నాయి. నేనడిగేది పాత ఏఎస్ఆర్‌సీ పద్ధతిలో గదీ, గ్రాంటూ, లైబ్రరీ కలిసున్న చోటు. స్వాహిలీ, అమ్హారిక్ లాంటి ఆఫ్రికా భాషలు నేర్పే మాస్టార్లు ఉండాలి. నారాయణపేట లెక్చరరూ, నైరోబీ లెక్చరరూ ఒకే వసారాలో పక్కపక్క గదుల్లో ఆర్నెల్లు ఉండాలి. భవనం కొత్తది అక్కర్లేదు, గ్రాంటు మాత్రం నెలనెలా టైముకి పడాలి.