నాటబడిన వాక్యం

"లోపల నాటబడియుండి మీ ఆత్మలను రక్షించుటకు శక్తిగల వాక్యమును సాత్వికముతో అంగీకరించుడి" అంటాడు యాకోబు తన పత్రికలో (1:21). ఆ వెంటనే, విని ఊరుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టని హెచ్చరిస్తాడు. ఈ రెండు వచనాలనూ కలిపే చదవాలి.

ఇవి చదివినప్పుడల్లా నాకు ఒంగోలు గుర్తొస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం సంతోషంగా చెప్పుకుంటాం. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అంతకుముందు ఆ ప్రాంతపు విశ్వాసులు బతికిన బతుకు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, చాలామందికి చదువు రాదు. వాక్యం చెవిన పడి, నోటికి వచ్చి, పనిలోకి దిగింది. ఆదివారం పని మానాలి, విగ్రహాలకు మొక్కడం మానాలి అన్నవి వాళ్లు పట్టుకున్న నియమాల్లో ముఖ్యమైనవి. ఇప్పుడు మనకవి చిన్నవిగా కనబడొచ్చు. కానీ ఊరి జాతరలో డప్పు కొట్టడం అప్పట్లో వాళ్ల మీద ఉన్న బాధ్యత. "మేం కొట్టం" అంటే ఊరి పెద్దలకు కోపం వచ్చేది. ఆదివారం పొలానికి రామంటే కూలికే ఎసరు. అయినా నిలబడ్డారు. చేతిలో పుస్తకం లేకపోయినా వాక్యం వాళ్లలో అంత లోతుగా వేరు పట్టింది.

మన ఇళ్లలో బైబిళ్లకు కొదవ లేదు, ఫోన్లో కూడా ఉంది. పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దానం వస్తుంది, ఆమేన్ అని పెట్టి పనిలో పడతాం. ఏడాదిలో బైబిలంతా చదివే పట్టిక మంచిదే. నేను దాన్ని వద్దనను. కానీ 1,189 అధ్యాయాలు పూర్తి చేయాలన్న టెన్షన్‌లో ఏ మాట దగ్గరా ఆగకుండా వెళ్లిపోతే ఏం లాభం?

చాలామంది విసుగొచ్చి ఆపేసే లేవీయకాండమే తీసుకోండి. 19:13లో, కూలివాని కూలిని మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. ఒక వారమంతా ఈ ఒక్క వచనంతోనే ఉండి చూడండి. పొద్దున కంఠతా చెప్పుకోండి, రాత్రి కుటుంబ ప్రార్థనలో మళ్లీ చదవండి. ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతం, మేస్త్రీకి ఇవ్వాల్సిన బాకీ, "రేపు రా" అని పంపేసిన మనిషి వరసగా గుర్తొస్తారు. అలా గుర్తు చేసేది పరిశుద్ధాత్ముడే. ఆ డబ్బు ఇచ్చేశాకే ముందుకు చదవండి.

తర్వాత 16వ వచనం. కొండెములాడుచు ఇంటింటికి తిరగవద్దంటుంది. ప్రార్థన కూడిక అయ్యాక చెప్పులేసుకుంటూ మనం మాట్లాడుకునే మాటలకు అది సూటిగా తగులుతుంది. ఆ వచనానికి ఒక వారం చాలదేమో.