సిరిమాను సీను ఇంకా కుదర్లేదు: కొలతలు, డ్రాఫ్టులు, ఇచ్చిన డబ్బులు

నేను చేస్తున్న కంప్యూటర్ ఆటకి గీయించుకుంటున్న సిరిమాను సీను కొత్త డ్రాఫ్ట్ నిన్న రాత్రి వచ్చింది. సిరిమాను అంటే కొసన పూజారిగారిని కూర్చోబెట్టి, బండి మీద వాల్చి నిలిపి ఊరేగించే పొడుగాటి చింతమాను. ఇదీ కుదర్లేదు. పైన అంతా అద్భుతంగా ఉంది, మాను కొసన పూజారిగారు కూర్చున్న తీరు, జనం విసిరిన అరటిపళ్లు గాల్లో ఉండగా పడే సాయంత్రం ఎండ, డాబాల మీద నిలబడ్డ ఆడవాళ్ల చీరల రంగులు, అన్నీ చూస్తూ కూర్చోవచ్చు. కళ్లు కిందికి దిగి బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది. అంత పొడుగు మాను ఆ బండి మీద ఎలా నిలబడిందో బొమ్మ చెప్పడం లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్న టూడీ సైడ్ స్క్రోలర్ ఇది, అంటే పక్క నుంచి కనబడుతూ అడ్డంగా జరిగే ఆట. విజయనగరంలో పండగ రోజు జనంలో తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కునే కుర్రాడి కథ, చివరి లెవెల్ పైడితల్లమ్మ సిరిమానోత్సవం. నేను కోడ్ రాస్తాను, బొమ్మలు గీయలేను, కాబట్టి ప్రతి బొమ్మా డబ్బిచ్చి గీయించుకునేదే.

మిగతావన్నీ బాగా నడుస్తున్నాయి. ఆటలో కనిపించే బొబ్బిలి వీణ బొమ్మల షీట్ (ప్రాప్ షీట్) వైజాగ్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న తమ్ముడు 2,500కి చేశాడు, పనస చెక్క రంగుతో సహా ఒక్క మార్పూ లేకుండా ఓకే. కుర్రాడి క్యారెక్టర్ షీట్ 6,000, అయిపోయింది. కోట ముఖద్వారం బ్యాక్‌గ్రౌండ్ కూడా అయిపోయింది.

ఇక అసలు సంగతి. స్క్రీన్ 1920×1080. కుర్రాడి ఎత్తు అయిదున్నర అడుగులు అనుకుని 176 పిక్సెళ్లు పెట్టాను, అంటే అడుగుకి 32. సిరిమాను యాభై అరవై అడుగులుంటుంది. 55 అనుకుంటే 1,760 పిక్సెళ్లు, దాదాపు స్క్రీన్ వెడల్పంతా. లావు చివర నుంచి 10 అడుగుల దగ్గర మాను బండికి ఆనుతుందని, ఆ చోటు నేల నుంచి 7 అడుగుల ఎత్తని, వాలు 35 డిగ్రీలని నా అంచనా. పైనున్న 45 అడుగుల భాగం ఆ వాలులో దాదాపు 26 అడుగులు పైకి లేస్తుంది. బండి ఎత్తు 7, కొసన కూర్చున్న మనిషికి ఇంకో 4, మొత్తం 37 అడుగులు. పిక్సెళ్లలో 1,184. స్క్రీన్ అడుగున నేల 140 పిక్సెళ్లు తినేస్తే మిగిలేది 940, అంటే 29 అడుగులు. పూజారిగారు స్క్రీన్‌కి పైన బయట ఉంటారన్నమాట.

వాలు తగ్గిస్తే పడుతుందా అంటే, 23 డిగ్రీలకి దించితే పడుతుంది. కానీ అప్పుడు మాను కొస 25 అడుగుల దగ్గర ఉంటుంది, పక్కన రెండంతస్తుల డాబా 22. ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి తల పూర్తిగా వెనక్కి వాల్చి చూసినవాడెవడూ దాన్ని ఒప్పుకోడు. ఆ ఎత్తు చూసి ఒళ్లు జలదరించకపోతే ఆ లెవెల్ ఉండి ప్రయోజనం లేదు.

ఇప్పుడు డ్రాఫ్టుల సంగతి. ఈ సీను గీస్తున్నావిడ హైదరాబాద్‌లో ఉంటారు, ఎన్విరాన్‌మెంట్ కాన్సెప్టుల్లో చేయి తిరిగిన మనిషి, పండగ ఎప్పుడూ చూడలేదు. మొదటి డ్రాఫ్టులో గుడి రథం వచ్చింది, చెక్క చక్రాలు, గోపురం, మధ్యలోంచి స్తంభం. నెట్‌లో రథాల ఫొటోలు కోకొల్లలు కాబట్టి అది ఎవరు గీసినా జరిగేదే. తర్వాతది కింద నుంచి పైకి చూస్తున్నట్టు, మాను మన మీదికి దూసుకొస్తున్న కోణంలో వచ్చింది. బొమ్మగా చూస్తే ఇప్పటిదాకా నాకొచ్చినవాటిలో అదే గొప్పది, ఫోన్ వాల్‌పేపర్ కూడా అదే. కానీ సైడ్ వ్యూ ఆటలో ఆ కోణాన్ని ఎక్కడా వాడలేం, పారలాక్స్ లేయర్లుగా (లోతు కనిపించేలా వేర్వేరు వేగాల్లో కదిలే పొరలుగా) కోయలేం. ఆ తర్వాతది సైడ్ వ్యూలోనే వచ్చింది గానీ, ఫ్రేములో పట్టాలని మానుని ముప్పై అడుగులకి కుదించేశారు. ఆ డ్రాఫ్ట్ మా వీధి తాతగారికి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "ఇదేటి బాబూ, ఇంత గిడసగా ఉంది, అమ్మవారి మానేనా?" అన్నారు. ఆ ఒక్క ముక్క ఆవిడకి ఫోన్లో చెప్పాను, నా రెండు పేజీల బ్రీఫ్ కంటే అదే బాగా పనిచేసింది. నిన్నటి డ్రాఫ్టులో పొడుగూ వాలూ రెండూ సరిగ్గా ఉన్నాయి.

పోయింది ఎక్కడంటే బండి దగ్గర. మాను వెనక చివర బండి వెనక్కి అడుగున్నర మాత్రమే కనిపిస్తోంది, మిగతాదంతా ముందుకే. నిజానికి అలా ఉంటే బరువంతా ముందుకి వాలి కొస నేలకి తగులుతుంది. తాళ్లు గీశారు గానీ అవి దేనికీ కట్టి లేవు, జనం చేతుల్లోంచి మొదలై ఎక్కడో పొగలో కలిసిపోతున్నాయి. మానుకి ఆధారంగా ఉండాల్సిన ఇరుసుమాను అసలు లేదు, మాను తిన్నగా బండి పలకలోకి దిగ్గొట్టినట్టుంది.

పెయింటింగ్ వరకైతే ఇదేమీ పట్టించుకోనక్కర్లేదు. ఆటలో మాత్రం మాను కదలాలి. బండి, ఇరుసుమాను, సిరిమాను మూడూ వేరే లేయర్లుగా కావాలి, మాను ఇరుసు దగ్గర మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊగాలి. మూడు డిగ్రీలంటే కొస దగ్గర రెండున్నర అడుగుల దాకా, దాదాపు 75 పిక్సెళ్ల కదలిక. తిరిగే బిందువు ఎక్కడుందో బొమ్మలో తెలియకపోతే రిగ్ చేసేటప్పుడు, అంటే ముక్కల్ని కదిలేలా అమర్చేటప్పుడు, కొస ఒక్కసారిగా గెంతుతుంది. పాత డ్రాఫ్టునే ముక్కలు చేసి పెట్టి చూశాను, మనిషి కుర్చీతో సహా ఎగిరి పడుతున్నాడు.

ఎందుకిలా అవుతోందో తెలుసుకుందామని, ఫొటోలన్నీ ఒక్కచోట పరిచి చూసుకునే ప్యూర్‌రెఫ్‌లో పెట్టిన రిఫరెన్సులన్నీ మళ్లీ వరసగా చూశాను. నాకు తోచిన పెద్ద కారణం ఫొటోలే. పండగ ఫొటోల్లో అధిక భాగం డాబాల మీద నుంచి, దూరం లెన్సుతో తీసినవి. కొస స్పష్టంగా ఉంటుంది, వెనక కోట వైపు జనసంద్రం ఉంటుంది, బండి మాత్రం జనం మధ్య, పోలీసుల తాళ్ల మధ్య నడుం దాకా మునిగిపోయి ఉంటుంది. నా దగ్గరున్న ఫొటోల్లో మాను ఆధారం పూర్తిగా కనిపించేది ఒక్కటీ లేదు. చూడనిదాన్ని ఎంత గొప్ప ఆర్టిస్టయినా ఊహించే గీయాలి. పైగా దూరం లెన్సు వల్ల లోతు నొక్కుకుపోయి వాలు అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుందేమో, నా 35 డిగ్రీల లెక్కే అందుకు కాస్త ఎక్కువ కావచ్చు.

ఇంకో కారణం డబ్బులిచ్చే పద్ధతిలో ఉందనుకుంటున్నాను, ఇది కాస్త వివరంగా చెప్తాను. ఈ సీనుకి మాట్లాడుకున్నది 12,000. థంబ్‌నెయిల్స్‌కి (మొదటి చిన్న చిత్తు బొమ్మలకి) 3,000, లైన్, రంగుల అమరికకి 5,000, ఫైనల్, లేయర్లున్న ఫైలుకి 4,000. రెండు రివిజన్లు అందులోనే, ఆపైన ఒక్కోదానికి 1,000. వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో ఎక్కడా "ఇది ఎలా నిలబడుతుంది" అని ఆలోచించడానికి విడిగా డబ్బు లేదు. ప్రతి దశా ఒక అందమైన బొమ్మతో ముగుస్తుంది, కాబట్టి ఎవరైనా సహజంగానే వెలుతురు మీద, మనుషుల మీద సమయం పెడతారు. ఇకనుంచి కదిలే వస్తువు ఏదున్నా ముందు కన్‌స్ట్రక్షన్ షీట్‌కి విడిగా డబ్బిస్తాను, రంగులుండవు, నలుపు గీతలు, పక్క నుంచి, ముందు నుంచి, కొలతలు రాసి.

ఇప్పటిదాకా వచ్చిన డ్రాఫ్టులన్నిటికీ అదనపు రివిజన్లతో సహా పూర్తిగా ఇచ్చేశాను. వాడుకోలేకపోయినా ఆవిడ కూర్చుని గీసిన పని అది. సీను రద్దు చేసుకుంటే మిగిలిన మొత్తంలో 25 శాతం ఇవ్వాలని కూడా ముందే రాసుకున్నాం. "ముందు శాంపిల్ గీసి పంపండి, నచ్చితే డబ్బులు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోర్ట్‌ఫోలియో చూసి మనిషిని ఎంచుకోవాలి, టెస్ట్ కావాలంటే చిన్నదైనా సరే డబ్బిచ్చి చేయించుకోవాలి.

ఆర్టిస్టుతో రాసుకునే ఒప్పందం కాగితాల గురించి ఒకరడిగారు. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 చదవండి, చిన్నదే. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఇంకా ముఖ్యమైనది, వేరేగా రాసుకోకపోతే, ఇచ్చిన హక్కుని ఏడాదిలోపు వాడకపోయినా అది పోతుంది. నాలాగా ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఆట చేసేవాడికి ఏడాదిలో ఏ బొమ్మ బయటికొస్తుంది? కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ సైటులో పెడితే ప్రపంచమంతా అమ్మినట్టే కదా. అందుకే నా ఒక పేజీ ఒప్పందంలో ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం, ఏడాది షరతు వర్తించదు అని మూడూ విడివిడిగా ఉన్నాయి. దానికి బదులుగా ఆర్టిస్టుకి క్రెడిట్, ఆట ప్రకటించిన వెంటనే పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు. ఏఐతో చేసిన భాగాలుంటే చెప్పాలన్న లైను కూడా ఉంది, స్టీమ్ 2024 జనవరి నుంచి ఆ వివరం అడుగుతోంది.

డబ్బు పంపడం ఇక్కడివాళ్లకైతే యూపీఐ, అంతకంటే హాయి ఇంకేముంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది, కాబట్టి ఆ ప్రస్తావనే లేదు. విదేశీ ఆర్టిస్టయితే బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్, ఆ తతంగం వేరు. ఫ్రీలాన్సర్లు దొరికే ఫైవర్‌ సైటులో ఆర్టిస్టు ధరలో 20 శాతం సైటుకే పోతుంది, నాకది మనసొప్పదు, వీలైనంతవరకు ఆర్టిస్టులు తమ బొమ్మలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్‌లో చూసి నేరుగా మాట్లాడుకుంటాను.

ఫైళ్ల విషయంలో నా పట్టుదల ఒక్కటే, వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు. పంపితే డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా డ్రైవ్ లింక్. క్లిప్ స్టూడియో అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, లేయర్లతో సహా దాచే పీఎస్‌డీ ఫైలుగా ఇచ్చినవి, నేను వాడే బొమ్మల సాఫ్ట్‌వేర్ క్రీటాలో చక్కగా తెరుచుకుంటున్నాయి. ఫొటోషాప్ స్మార్ట్ ఆబ్జెక్టులుంటే (లోపల ఇంకో బొమ్మని దాచుకున్న లేయర్లు) మాత్రం తిప్పలే, ముందే మామూలు లేయర్లు చేసి పంపమని అడగండి.

తర్వాత ఏం చేస్తానంటే, పూజారిగారు ఫ్రేములోంచి బయటికి పోకుండా కెమెరాని వెనక్కి జరుపుతున్నాను. మాను వచ్చే ముందు జూమ్ నెమ్మదిగా 75 శాతానికి దిగుతుంది, అప్పుడు పైకి 40 అడుగుల దాకా చోటొస్తుంది, 37 హాయిగా పడుతుంది. కుర్రాడు 132 పిక్సెళ్లకి చిన్నబోతాడు, ముఖం సరిగా కనబడదు, అయినా ఆ క్షణంలో చూడాల్సింది వాణ్ని కాదు కాబట్టి ఫరవాలేదు. కాకపోతే బ్యాక్‌గ్రౌండ్ 2560×1440 కావాలి, నా పాత లేయర్లలో పైన 360 పిక్సెళ్ల ఆకాశం తక్కువ. ఆ ఆకాశం పెంచడానికి వీణ గీసిన తమ్ముడినే అడిగాను, "అన్నా, మబ్బులే కదా, 800 ఇవ్వండి చాలు" అన్నాడు. 1,500 ఇస్తున్నాను, మూడు లేయర్లు వేరువేరుగా కావాలి మరి.

బండి కోసం ఈ ఆదివారం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఉత్త పెట్టెలు, సిలిండర్లతో ఒక బ్లాకౌట్ (ముతక నమూనా) చేస్తాను, దూరం వల్ల కొలత మారని ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో, అడుగు అడుగుకి గీతలు కనిపించేలా. అది పెట్టి ఆవిడకి కన్‌స్ట్రక్షన్ షీట్ ఆర్డర్ ఇస్తాను, 2,500కి ఒప్పుకున్నారు. కానీ నా బ్లాకౌట్ కూడా అంచనాయే. విజయనగరంలోని హుకుంపేటలో చింతమానుని సిరిమానుగా చెక్కే రోజుల్లో వెళ్లి, పెద్దల అనుమతి అడిగి, ఆధారం దగ్గర నుంచి ఫొటోలు తీసుకోవాలి. టేపు పెట్టి కొలవనిస్తారో లేదో, అమ్మవారి మాను కాబట్టి బలవంతపెట్టను, పక్కన మనిషిని నిలబెట్టి తీసినా కొలత దొరుకుతుంది. దగ్గరుండి చెక్కినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మాను ఇరుసుమాను మీద ఎక్కడ ఆనుతుందో, వెనక చివర ఎంత వదులుతారో ఒక్క ముక్క చెప్పండి, అంతకంటే పెద్ద సాయం లేదు.

ఇది తేలితే వరసలో, ఇదే ఊరేగింపులో సాగే పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు ఉన్నాయి. తెల్ల ఏనుగు కూడా చక్రాల మీద కదిలేదే కాబట్టి దానికీ ముందు నలుపు గీతల షీటే, రంగుల మాట తర్వాత.